తాళం పడేలోపు ఒక పేరా

టకటకమ్మ ఒక మధ్యాహ్నం అన్నం డబ్బా మూతైనా తీయకుండా, పదమూడంటే పదమూడు నిమిషాల్లో, ఒక బుల్‌డోజరునీ, నలభైమంది పోలీసులనీ, పైన ఒక జడ్జిగారినీ ఒకే ఒక్క పేరాతో ఆపేసింది. నమ్మకపోతే ఆ కోర్టు మెట్లనే అడగండి. ఆవిడ ఇరవై ఏడేళ్ళుగా కూర్చునేది వాటి కిందే. అసలా కోర్టులో జడ్జీలు తీర్పులు రాయరనీ, టకటకమ్మ టైపు చేసి పైకి పంపితే వాళ్ళు కళ్ళజోడు సర్దుకుని సంతకం పెడతారనీ చెప్పేవాళ్ళు ఆ వీధిలో కనీసం పాతికమంది ఉన్నారు. వాళ్ళలో ఒక్కరూ కోర్టు గుమ్మం తొక్కినవాళ్ళు కారు. అందుకే అంత గట్టిగా చెప్పగలుగుతారు.

ఆవిడ టైపిస్టు. మెట్ల కింద ఒక బల్ల, ఒక కుర్చీ, నడుం నొప్పికి రెండు దిండ్లు. తల వంచకుండా లేస్తే బొప్పి ఖాయం. కొత్తగా వచ్చిన ప్లీడర్లను ఆ బొప్పిని బట్టే గుర్తుపట్టొచ్చు. టైపు మిషను పోయి కంప్యూటరు వచ్చి పన్నెండేళ్ళయినా ఆవిడ దాన్ని మిషను కొట్టినట్టే కొడుతుంది. ఇప్పటికి మూడు కీబోర్డులు ఆ చేతుల్లో ప్రాణాలు వదిలాయి. భర్త బస్సు డిపోలో మెకానిక్కు. ఇంజను చప్పుడు మధ్య పనిచేసే మనిషి కాబట్టి ఇంట్లో ఆవిడ మాటల వేగం తట్టుకున్నాడు.

ఆవిడ ఏ చదువూ పూర్తి చెయ్యలేదు. గోడమీద పట్టాలు వేలాడేసుకున్నవాళ్ళే వచ్చి, "అమ్మా, దీన్ని ఏ పిటిషన్ కింద వెయ్యాలంటావు?" అని గొంతు తగ్గించి అడిగేవారు. ఆవిడ తల ఎత్తకుండానే చెప్పేది. వాళ్ళు పైకి వెళ్ళి అదే మాట గొంతు పెంచి చెప్పేవారు.

ఆవిడ పనిచేసే పద్ధతి ఒకటే. ఏ పిటిషనూ మొదటినుంచి రాయదు. కంప్యూటరులో నాలుగువేల పాత పిటిషన్లున్నాయి. వచ్చిన గొడవకి దగ్గరగా ఉన్నదాన్ని తెరిచి, పేర్లు మార్చి, తేదీలు మార్చి, కథ మార్చి ప్రింటు తీస్తుంది. దర్జీ పాత చొక్కా కొలత పెట్టి కొత్త చొక్కా కత్తిరించడంలేదూ, అలాగన్నమాట. వేగం అందులోంచే వచ్చింది. ఆ మధ్యాహ్నం ఆవిడ కొంప ముంచబోయింది కూడా అదే.

కొంప అంటే ఆవిడది కాదు, వాళ్ళ వదినది. పెద్దన్నయ్య భార్య. కోర్టు వెనక సందులో ఒకే ఒక్క గదిలో బైండింగు కొట్టు నడుపుతుంది. కాగితాలు కోసే కత్తి, జిగురు గిన్నె, నేలకి బోల్టులు వేసి బిగించిన ఇనప ప్రెస్సు, గోడ పొడుగునా కట్టలు. కోర్టు ఫైళ్ళు సగం ఆవిడ సూదికిందే పుడతాయి. ఇరవై రెండేళ్ళ కొట్టు. అన్నయ్య పోయాక ఆవిడకి మిగిలిన తోడు కూడా ఆ కొట్టే.

గది యజమానికి పక్కనున్న తన దుకాణాన్ని పొడిగించుకోవాలని బుద్ధిపుట్టింది. ఖాళీ చేయించమని కేసు వేశాడు. నోటీసు తీసుకొచ్చినవాడు దాన్ని ఈ కొట్టుకి బదులు మేడమీద అదే నంబరున్న గది తలుపుకి అంటించిపోయాడు. ఆ గది తెరిచి ఎన్నేళ్ళయిందో సాలెపురుగులకే తెలియాలి. కోర్టు మూడు వాయిదాలు చూసింది, వదిన రాలేదు. రాని మనిషి మాట వినకుండానే డిక్రీ ఇచ్చేసింది. దాన్ని ఎక్స్‌పార్టీ అంటారు. వదినకి ఈ సంగతి తెలిసింది ముందురోజు సాయంత్రం, డిక్రీ అమలు చేసే అమీనా వచ్చి మర్యాదగా తలుపు తట్టినప్పుడు.

"రేపు మూడింటికి తాళం వేస్తానమ్మా. సామాను తీసి ఉంచుకోండి," అన్నాడతను.

ప్రెస్సుని తీసి ఉంచుకోవడం ఎలాగో అతను చెప్పలేదు.

అందుకే పొద్దున్నే ఎనిమిదింటికి, వదిన పక్కన కూర్చుని ముక్కు చీదుతుంటే, టకటకమ్మ రెండు పిటిషన్లు కొట్టింది. ఒకటి, నేను లేకుండా ఇచ్చిన డిక్రీని కొట్టెయ్యండి అని. అది తేలడానికి నెలలు పడుతుంది. రెండోది, అది తేలేదాకా తాళం వెయ్యకుండా ఆపండి అని. అదే స్టే. మొదటిది పెద్దావిడలా నింపాదిగా నడుస్తుంది, రెండోది చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పరుగెత్తాలి. ఆ రోజు కొట్టు బతుకంతా ఆ పరుగు మీదే ఉంది.

పదిన్నరకి వదిన తరఫు ప్లీడరు బెంచి ముందు నిలబడి అత్యవసరమని మనవి చేశాడు. ఆయన మాట్లాడే వేగం చూసి అందరూ ఆయన్ని నిదానంగారు అంటారు. జడ్జిగారు తల ఊపి, భోజన విరామం తర్వాత రెండుంబావుకి వింటామన్నారు.

ఒంటిగంటన్నరకి మెట్ల కింద వదిన, ఆడపడుచు ఎదురెదురుగా కూర్చున్నారు. వరండాలో, సరిగ్గా కళ్ళెదురుగా, అమీనా బెంచీమీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో సంచి, సంచిలో తాళం. కదిలినప్పుడల్లా గొలుసు చప్పుడు.

"లంచ్ మోషన్ అంటున్నారేమిటే అందరూ?" అంది వదిన. "తిన్నాక వచ్చేదానికి కోర్టెందుకు?"

"నువ్వు నోరు మూసుకుంటే సగం కేసు గెలిచినట్టే వదినా. పొద్దున అడిగితే లంచ్ అయ్యాక వింటారు. లంచ్ ఆయనది, మోషన్ మనది."

"నాకు ఆకలి లేదు."

"నాకూ లేదులే."

"అది కాదు. నా కష్టం చూసి జడ్జిగారికి జాలేస్తే, ఇంకా ఏదైనా కలిపి ఇస్తాడా?"

"ఆయన జాలితో మనకేం పని? కోర్టు అడిగినదే ఇస్తుంది. అడగనిది ఇవ్వదు. పై పేజీల్లో ఎంత ఏడ్చినా, అడిగేది మాత్రం చివరి పేరాలో అడగాలి. ప్రేయర్ అంటారు దాన్ని. అది లేకపోతే మిగతాదంతా ఉత్త కథ."

"అయితే మనం ఏమడిగామో చదువు. నా కొట్టు గురించి నేనూ వినాలిగా."

టకటకమ్మ నవ్వి కంప్యూటరులో పిటిషన్ తెరిచి, కిందికి జరిపి, పైకి చదవడం మొదలుపెట్టింది.

"కావున గౌరవ న్యాయస్థానం వారు దయతో, పిటిషనరు తన కౌంటరు దాఖలు చేసుకొనుటకు ముప్పై రోజుల గడువు ఇప్పించవలసినదిగా..."

అక్కడ ఆవిడ చదవడం ఆపేసింది.

"ఎంత మర్యాదగా అడిగామే!" అంది వదిన, కళ్ళు తుడుచుకుంటూ. "ముప్పై రోజులిస్తే చాలు తల్లీ, ఎక్కడో గది చూసుకుంటాను."

ఆ ముప్పై రోజులు కొట్టుకి కాదు. జవాబు కాగితం రాసుకోవడానికి. అది ముందురోజు ఒక రంగుల దుకాణం ఆయన కోసం చేసిన గడువు పిటిషన్. పొద్దున దాన్నే తెరిచి మూడు పేజీలూ మార్చింది, పైన పేరు మార్చింది, స్టే అని పెద్ద అక్షరాలతో పెట్టింది. చివరి పేరా మాత్రం రంగులాయనదే ఉండిపోయింది. ఆవిడ చూడలేదు. నిదానంగారు చూడకుండా సంతకం పెట్టారు. పైన బెంచి క్లర్కు చూడకుండా ముద్ర కొట్టాడు. రెండుంబావుకి జడ్జిగారు ఒక్కరే చూస్తారు. ఎంతో దయగా, అడిగిన గడువు అడిగినట్టే ఇచ్చేస్తారు. మూడింటికి తాళం పడుతుంది.

గోడ గడియారం ఒంటిగంటా ముప్పై అయిదు చూపిస్తోంది.

"వదినా, చివరి పేజీ మార్చాలి."

"ఏమయింది?"

"అడగాల్సింది అడగలేదు. వేరే ఎవరిదో పడింది."

వదిన మొహం పాలిపోయింది. తర్వాత ఎర్రబడింది. "ఎవరే రాసింది? ఆ నిదానం ప్లీడరేనా? నాకు పొద్దున్నే అనుమానం, ఆవులిస్తూ సంతకం పెట్టాడు!"

టకటకమ్మ అవుననలేదు. కాదనీ అనలేదు. తర్వాత లేచింది, బొప్పి కట్టించుకుంది, పైకి పరుగెత్తింది.

బెంచి క్లర్కు పేరు ఆ కోర్టులో ఎవరికీ గుర్తులేదు. ఆబ్జెక్షన్‌గారు అంటే చాలు. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో మొదటిసారే ఆయన బల్ల దాటిన కాగితం లేదు. మార్జిన్ తక్కువ, ముద్ర వంకర, పేజీ నంబరు మూలకి జరిగింది. ఏదో ఒకటి పట్టి, ఎర్ర సిరాతో రాసి, వెనక్కి విసిరేసేవాడు. సూర్యుణ్ణి తెచ్చి దాఖలు చేసినా పడమటి వైపు కాస్త మసగ్గా ఉందని తిప్పి పంపేవాడని ప్లీడర్లు చెప్పుకునేవారు. అలాంటి మనిషి ఆ పొద్దున వదిన కుట్టిన కట్ట చేతిలోకి తీసుకుని, కుట్టు మీద బొటనవేలు పామి, "ఇదీ కుట్టంటే!" అని మురిసిపోయి, లోపల చూడకుండా ముద్ర కొట్టేశాడు.

ఆవిడ వెళ్ళేసరికి ఆయన డబ్బా తెరిచి తింటున్నాడు.

"సార్, నా కాగితంలో తప్పు పట్టండి."

ఆయన నమలడం ఆపాడు. "ఏమన్నావు?"

"ఆబ్జెక్షన్ రాయండి. మీకు దండం పెడతాను."

"రోజూ రాయొద్దని ఏడుస్తావు."

"ఇవాళ రాయమని ఏడుస్తున్నాను."

"పేజీ మార్చాలని వచ్చావా?" ఆయన గొంతు దిగింది. "దాఖలైన కాగితం మార్చడమే? నా పెన్షన్ కూడా అందులో పెట్టి కుట్టేస్తావా ఏం?"

"మార్చమనడంలేదు. చివరి పేజీ చదవండి, చాలు."

ఆయన ఎడమచేత్తో కట్ట లాగి చదివాడు. మళ్ళీ చదివాడు. గడియారం వైపు చూశాడు.

"ఇది నేను చూడలేదు," అన్నాడు.

"తెలుసు సార్."

"ఆబ్జెక్షన్ రాస్తే, పొద్దున చూడకుండా ముద్ర కొట్టానని నా చేత్తో నేనే రాసినట్టవుతుంది."

"రాయకపోతే, చూడకుండా ముద్ర కొట్టిందెవరని రెండుంబావుకి జడ్జిగారే అడుగుతారు."

ఆయన డబ్బా మూత పెట్టాడు. లేచి చేతులు కడుక్కున్నాడు. ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకున్నాడు. ఆ పది వేళ్ళు తుడిచేలోపు టకటకమ్మకి ఇంకో పదేళ్ళు మీదపడ్డాయి. అప్పుడు ఎర్ర పెన్ను తీసి రాశాడు: ప్రేయర్ సరిగా లేదు, సరిచేసి తిరిగి దాఖలు చేయవలెను, రిటర్న్. దాని కింద ఇంకో వరుస కూడా రాశాడు: మార్జిన్ తక్కువ.

"సార్! మార్జిన్ అంటే అన్ని పేజీలూ మళ్ళీ కొట్టాలి!"

ఆయన తన చేతివైపు పరాయి చేతిని చూసినట్టు చూశాడు. "అలవాటమ్మా," అని ఆ వరుస కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెట్టాడు. "రెండూ పదికల్లా నా బల్లమీద ఉండాలి. దాటితే రేపే."

రేపటికి తాళం తుప్పుపట్టడం మొదలవుతుంది.

ఆవిడ కిందికి వచ్చేసరికి ఒంటిగంటా యాభై. కట్ట వదిన ఒళ్ళో పడేసి, "విప్పు," అంది.

"నా కుట్టు నేను విప్పాలా? ఇరవై రెండేళ్ళలో ఒక్కటి విప్పలేదే!"

"కొట్టు కావాలా, కుట్టు కావాలా?"

వదిన కొంగున గుచ్చుకున్న సూది తీసింది. ఊడిపోకూడదని పొద్దున మైనం పట్టించిన దారంతో ఒకటికి మూడు ముళ్ళు వేసింది. ఇప్పుడు అవి ఆవిడ మాటే వినడంలేదు. కత్తెరపెట్టి లాగితే కాగితం చిరుగుతుంది, చిరిగితే మళ్ళీ ఆబ్జెక్షన్. ఆవిడ పళ్ళ బిగువున ఒక్కో ముడీ సూదిమొనతో కదిలిస్తూ, తన పనితనాన్ని తానే తిట్టుకుంది.

పక్కన టకటకమ్మ కీబోర్డు మీద చేతులు పెట్టింది. ఆ చేతులు నిద్రలో కూడా స్టే పిటిషన్ కొట్టగలవు. అప్పుడు మాత్రం ఒక్క మాటకి మూడుసార్లు తడబడ్డాయి. కొట్టింది, చదివింది, మళ్ళీ మొదటినుంచి కింద దాకా వేలు పెట్టి చదివింది. అసలు పిటిషన్ తేలేవరకు డిక్రీ అమలు నిలుపుదల చేయవలసినదిగా. ఇంతే. రెండు వరుసలు. ప్రింటరు మూలిగి మూలిగి ఆ ఒక్క పేజీని కక్కింది.

ఒంటిగంటా యాభై ఎనిమిదికి ఆవిడ క్యాంటీనులో నిదానంగారి ముందు నిలబడింది. ఆయన టీ ఊదుకుంటున్నాడు.

"సంతకం కావాలండి."

"కూర్చోమ్మా."

"కూర్చునే టైము లేదండి."

పొద్దున చదవకుండా పెట్టిన మనిషి ఇప్పుడు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, పేజీ మొత్తం చదివాడు. "పొద్దున నేను సంతకం పెట్టింది ఇదే కదూ?"

"కాదండి. చివర వేరే పేరా పడింది."

"ఓహో." ఆయన పెన్ను మూత తీసి ఆగాడు. "చదవాల్సింది. నాదే పొరపాటు. పెట్టిన సంతకం నాదే కదా."

ఆవిడ నోరు తెరిచింది. క్యాంటీను గడియారం రెండు కొట్టింది. ఆవిడ నోరు మూసుకుని పేజీ అందుకుంది. ఎంత వేగంగా మెట్లెక్కినా ఆ మాట ఆవిడ కంటే ముందే మెట్లెక్కింది.

వదిన వరండాలో కిటికీ గట్టుమీద కట్ట పరుచుకుని నిలబడింది. పాత చిల్లుల్లోంచే దారం పోవాలి. గాలికి కాగితాలు లేస్తున్నాయి. సూది రెండుసార్లు పక్కకి దిగింది.

"కంగారు పడకండమ్మా, వేలికి గుచ్చుకుంటుంది," అన్నాడు వెనకనుంచి అమీనా. లేచి వచ్చాడు. సంచిలోంచి తాళం తీసి, లేచిపోతున్న కాగితాల మీద పెట్టాడు. మంచి బరువైన తాళం. కాగితాలు కదలకుండా పడుకున్నాయి.

వదిన ఆ తాళాన్ని చూసింది, అతన్ని చూసింది. "మూడింటికి ఇదేనా?"

"ఇదేనమ్మా. నాకేం కోపం లేదు. కాగితం వస్తే కూర్చుంటాను, రాకపోతే లేస్తాను. రెండూ నలభై అయిదుకి బయల్దేరితే సరిపోతుంది, దగ్గరేగా."

ఆవిడ ఆ తాళం పక్కనే ముడి వేసింది. ఈసారి ఒక్కటే ముడి.

రెండూ పదికి ఆబ్జెక్షన్‌గారు కట్ట అందుకుని, కుట్టు ముట్టుకోకుండా, తిన్నగా చివరి పేజీ తెరిచి, అక్షరం అక్షరం చదివి ముద్ర కొట్టాడు.

రెండుంబావుకి జడ్జిగారు వచ్చారు. వీళ్ళకంటే ముందు ఇంకో రెండు పిటిషన్లు ఉన్నాయి. ఒకదాంట్లో ఎవరి గోడ ఎవరి నేలలో ఎన్ని అంగుళాలు ఉందో ఇద్దరు ప్లీడర్లు తీరిగ్గా చెప్పుకున్నారు. తలుపు దగ్గర టకటకమ్మ మునివేళ్ళ మీద నిలబడి, వాళ్ళ అంగుళాలన్నిటినీ మనసులో తిట్టింది. వీళ్ళ పేరు పిలిచేసరికి రెండూ ముప్పై ఒకటి.

యజమాని తరఫు ప్లీడరు లేచి, డిక్రీ వచ్చేసిందనీ, ఇప్పుడు వినాల్సిందేమీ లేదనీ గడగడా చెప్పాడు. జడ్జిగారు ఆయన్ని చూడలేదు. కట్ట తిప్పి, పై పేజీలు వదిలేసి, నేరుగా చివరి పేరా దగ్గర ఆగారు. వేలు పెట్టి చదివారు.

"మీరు అడుగుతున్నది ఏమిటి?"

నిదానంగారు గొంతు సర్దుకున్నాడు. కోర్టు మొత్తం ఆయనకోసం ఎదురుచూసింది.

"తాళం వెయ్యకుండా ఆపమని. అంతే. ఇవాళ్టికి ఇంకేం అడగడంలేదు."

జడ్జిగారు పిటిషనుకి జతచేసిన ఫోటో, నోటీసు అంటించిన మేడమీది తలుపుది, పైకెత్తారు. "ఈ తలుపు గొళ్ళెం మొత్తం తుప్పు. ఇందులో ఎవరుంటారు?"

యజమాని ప్లీడరు తన కాగితాలు వెతుక్కున్నాడు. వెతుకుతూనే ఉన్నాడు.

"తదుపరి వాయిదా వరకు డిక్రీ అమలు నిలుపుదల," అన్నారు జడ్జిగారు, పక్కకి తిరిగి. ఆబ్జెక్షన్‌గారి కలం కదిలింది. ఆ కలం రాస్తుంటే, సంతకం పడుతుంటే, ముద్ర ఆరుతుంటే గడియారం ఎవరికోసమూ ఆగలేదు. రెండూ నలభై నాలుగు. వరండాలో గొలుసు చప్పుడయింది. అమీనా లేచి సంచి భుజాన వేసుకున్నాడు.

పంతొమ్మిదేళ్ళలో ఆబ్జెక్షన్‌గారు పరుగెత్తడం ఎవరూ చూడలేదు. ఆ రోజు చూశారు. చెప్పు ఒకటి గుమ్మంలోనే వదిలేసి, ఉత్తర్వు కాగితం పైకెత్తి పట్టుకుని వరండా చివరిదాకా వెళ్ళాడు. అమీనా కాగితం తీసుకుని చదివి, మడిచి జేబులో పెట్టుకుని, వచ్చి మళ్ళీ బెంచీమీద కూర్చున్నాడు.

"సరేనమ్మా," అన్నాడు వదినతో. "ఇంటికెళ్ళి అన్నం తినండి."

నాలుగు నెలలకి పెద్ద పిటిషన్ కూడా గెలిచింది. డిక్రీ పోయింది, అసలు కేసు మొదటికొచ్చింది. ఇప్పుడు వదిన ప్రతి వాయిదాకీ గంట ముందే వెళ్ళి కూర్చుంటుంది. కొట్టు నడుస్తోంది. టకటకమ్మ మాత్రం పద్ధతి మార్చింది. ఎవరు ఏ కష్టంతో వచ్చినా ముందు తెల్ల పేజీ తెరిచి, "ఏం కావాలి?" అని అడిగి చివరి పేరా కొడుతుంది. పేర్లు, కథ, కన్నీళ్ళు ఆ తర్వాత.

ఈ లోపల ఆ మధ్యాహ్నం కథ వదిన నోట్లో పడి పెరిగింది. మొదట ఇద్దరు పోలీసులు వచ్చి చేరారు. పుస్తకాలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు నోరు తెరిచి వింటున్నకొద్దీ వాళ్ళు నలభైమందయ్యారు. బుల్‌డోజరు ఎప్పుడు సందులోకి తిరిగిందో ఆవిడకే తెలియదు. తప్పు చేసినవాడు మాత్రం మారలేదు, నిదానంగారే.

ఒకరోజు ఆయన డైరీలు బైండు చేయించుకోవడానికి కొట్టుకి వచ్చాడు. టకటకమ్మ అక్కడే ప్రెస్సు పక్కన పీటమీద ఉంది. నలుగురు గిరాకీలు నిలబడి ఉన్నారు. వదినకి అంతకంటే ఏం కావాలి? కథ మొదలుపెట్టింది. బుల్‌డోజరు వచ్చింది, పోలీసులు వచ్చారు, పదమూడు నిమిషాలు మొదలయ్యాయి.

"ఇదిగో, ఈయనే! ప్రేయర్ మార్చడం మర్చిపోయి నా కొట్టుకి తాళం వేయించబోయిన మహానుభావుడు. మా ఆడపడుచు లేకపోతే నేనీపాటికి రోడ్డుమీద కుట్టుకుంటూ ఉండేదాన్ని!"

అందరూ నవ్వారు. నిదానంగారు కూడా మెల్లగా నవ్వి, "నిజమే, సంతకం నాదే," అన్నాడు.

టకటకమ్మ ఒళ్ళో కాగితాలు పక్కన పెట్టింది.

"బుల్‌డోజరు లేదు వదినా. పోలీసులు లేరు. తాళం ఒకటే. పదమూడు నిమిషాలు కాదు, ముప్పై అయిదు. ఆ పేరా మార్చడం మర్చిపోయింది ప్లీడరుగారు కాదు, నేను."